మూడు నిమిషాల సిట్టింగు: కుంగుబాటుకు టీఎంఎస్ చికిత్సపై నా రివ్యూ

నమస్కారం. నా చికిత్సలో చివరి కొన్ని సిట్టింగులకు క్లినిక్ వారు రుసుము తీసుకోకుండా, బదులుగా ఈ రివ్యూ అడిగారు. నా మాటలను ఆ మేరకు తూచుకోండి.

టీఎంఎస్ అంటే తలపై కాయిల్ (తీగచుట్ట) ఆనించి, అయస్కాంత స్పందనలతో (పల్సులతో) మెదడును ఉత్తేజపరిచే చికిత్స. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో శాస్త్రవేత్త ఆంథొనీ బార్కర్ బృందం చూపిన ఈ పద్ధతికి 2008లో కుంగుబాటు (డిప్రెషన్) చికిత్సగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. యంత్రం వివరాల జోలికి పోకుండా, నేను సమయం గురించే మాట్లాడతాను.

పాత పద్ధతిలో తల ఎడమవైపు ముందుభాగాన కాయిల్ ఆనించి, 4 సెకన్లపాటు సెకనుకు 10 చొప్పున స్పందనలు, ఆపై 26 సెకన్ల విరామం, ఇలా 3000 స్పందనలు పూర్తయ్యేసరికి 37 నిమిషాలు దాటుతుంది. ఇది వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు. స్నానానికి లేవడమే గగనమైన మనిషి ఇన్నిసార్లు ట్రాఫిక్‌లో వచ్చి, చెవులకు ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని, వడ్రంగిపిట్ట నెత్తిన పొడుస్తున్నట్టున్న ఆ టకటకలను అంతసేపు భరించాలట! నేను మొదట భరించింది ఇదే.

తరువాత డాక్టరుగారు థీటా బర్స్ట్‌కు, అంటే స్పందనలను చిన్న చిన్న గుంపులుగా వేగంగా ఇచ్చే కొత్త పద్ధతికి, మార్చారు. 600 స్పందనలు, మూడు నిమిషాల పైచిలుకు, అంతే. కాయిల్ సరిగ్గా అమర్చడానికే అంతకంటే ఎక్కువసేపు పట్టేది. 2018లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడిన కెనడా అధ్యయనంలో, 400 మందికి పైగా రోగులను పరిశీలించి, ఇది పాతదానికి ఏమీ తీసిపోదని తేల్చారు. దాదాపు సగం మందికి లక్షణాలు కనీసం సగానికి తగ్గాయి. మిగిలిన సగం కూడా ఉన్నారని మరువకండి. నెత్తిమీద నొప్పి మాత్రం కొత్త పద్ధతిలో కాస్త ఎక్కువే.

అంతకుముందు నేను వాడిన మాత్రలతో నోరు ఎండిపోయేది, పగలంతా మత్తుగా ఉండేది. ఇక్కడ ఆ బాధ లేదు. ఈసీటీకి (మెదడుకు కరెంటు ఇచ్చే చికిత్సకు) లాగా మత్తుమందు ఇవ్వనక్కరలేదు గనుక, సిట్టింగు ముగిశాక నా దారిన నేను ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. చేతి బొటనవేలు అదిరేంత శక్తిని ముందుగా వెతికి, దాన్నిబట్టి మోతాదు నిర్ణయించడం నాకెంతో నచ్చింది.

నచ్చనిది ధర. మూడు నిమిషాల సిట్టింగుకూ పాత రేటే వసూలు చేయడం నాకు మింగుడు పడలేదు. ఉచితంగా ఇచ్చినవారికి ఈ మాట రుచించకపోవచ్చు.

మొత్తంమీద, మాత్రలతో గుణం కనిపించనివారు తప్పక అడిగి చూడవలసిన చికిత్స ఇది. తలలో లోహపు భాగాలు, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం) ఉన్నా, ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నా డాక్టరుకు ముందే చెప్పండి, వాడుతున్న మాత్రలను సొంతంగా ఆపకండి. డబ్బు కట్టే ముందు, వారి యంత్రంలో థీటా బర్స్ట్ ఉందో లేదో కనుక్కోండి.