కొటేషన్ రాశాకే పెన్సిల్

అందరికీ నమస్కారం. నన్ను 'స్టూడియో పెట్టిన డిజైనర్' అని పరిచయం చేశారు. స్టూడియో అంటే విజయవాడలో మా ఇంటి పైగది. పోయిన ఎండాకాలమే ఏసీ పెట్టించాను.

మీరూ డిజైనర్లే, బొమ్మ వేయడం మీకు నేను నేర్పక్కర్లేదు. బొమ్మకి ముందు రాయాల్సిన కాగితం, అంటే ఏ పనికి ఎంత ధరో చెప్పే కొటేషన్ గురించి చెబుతాను.

కొత్తలో ఒక మిఠాయి కొట్టాయన ఫోన్ చేశారు. "చిన్న పనే తమ్ముడూ, ఒక్క లోగో." రేటు చెప్పడానికి మొహమాటం. ఆరు వేలు అందామనుకుని మూడు వేలన్నాను. లోగో అయింది. తర్వాత అదే డబ్బా మీదికి, సంచీ మీదికి, బోర్డు మీదికి. "ఉన్నదే కదా, కాస్త సాగదీసి ఇచ్చెయ్." పద్దెనిమిదో కరెక్షన్ వాళ్ల బావమరిది చెప్పాడు, రంగు ఇంకా 'రిచ్'గా ఉండాలట. మూడు వేలల్లో వెయ్యి రానేలేదు. ఆయన్ని తిట్టుకున్నాను గానీ, నేనెక్కడా ఏమీ రాసివ్వలేదు. బావమరిది మాటకి కూడా బిల్లు పడుతుందని ఆయనకెలా తెలుస్తుంది?

ఇప్పుడు నా కొటేషన్ ఒకే పేజీ, తెలుగులో. ఏమేం ఇస్తానో వరసగా. మూడు కరెక్షన్లు ఇందులోనే, నాలుగోదాన్నించి విడిగా. సగం అడ్వాన్స్. చూసి సరే అనడానికి జేపెగ్ బొమ్మ పంపుతాను, మార్పులు చేసుకోగలిగే అసలు కోరల్ ఫైల్ మాత్రం డబ్బు పడ్డాకే.

ఈ కాగితం మన కోసమే అనుకుంటారు. కాదు. గోదావరి జిల్లాలో పచ్చళ్లు పెట్టే ఒకావిడ పాత లేబుల్ తెచ్చి చూపించారు. 'వెల్లుల్లి ఆవకాయ' అన్నచోట ఒత్తులు విడిపోయి 'వెల్‌లుల్‌లి' అయి కూర్చుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల ఆప్షన్ పెట్టుకోకపోతే వచ్చే తంటా అది. ఆ లేబుల్ చేసినవాళ్లు అలాగే అచ్చేసిచ్చారు. పైగా శాకాహారం అని తెలిపే ఆకుపచ్చ గుర్తు లేదు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరూ లేదు. ఇవన్నీ సరిచూసే పని కూడా కొటేషన్‌లో ఒక లైను వేసి, దానికీ ధర వేశాను. ఆవిడ బేరమాడలేదు. ఒత్తు సరిగ్గా పడ్డానికి డబ్బిచ్చేవాళ్లున్నారని అప్పుడే నాకు తెలిసింది.

ఆవిడ పచ్చళ్లు డాలస్ కూడా వెళ్తాయి, కాబట్టి లేబుల్ డిజైన్ హక్కులు అక్కడా ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాతపూర్వకంగా, సంతకంతో బదలాయించాలి. గడువు రాయకపోతే అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. 'ప్రపంచమంతటా, ఎప్పటికీ' అని రాసిచ్చాను. దానికో రేటు, ఊళ్లో అమ్ముకునే కొట్టుకైతే ఇంకో రేటు. నా ఉద్దేశంలో గంటల లెక్కన ధర కట్టేకంటే ఇలా వాడకాన్ని బట్టి కట్టడమే న్యాయం. చేయి తిరిగేకొద్దీ గంటలు తగ్గిపోతాయి కదా, మరి పనితనం పెరిగినందుకు మనకే జరిమానానా?

ఇంకొకటి. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు, చేయించుకోండి, పైసా ఖర్చు లేదు. 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థలకి రాత ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎంత లేటైనా 45 రోజుల్లో కొన్నవాళ్లు డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. నేనింతవరకు ఫిర్యాదు చేయలేదు. బిల్లు మీద ఉద్యం నంబరు కనిపిస్తే అకౌంటెంట్లు మాత్రం కాస్త చప్పున ఫోనెత్తుతున్నారు.

మొన్న ఆ మిఠాయి కొట్టాయనే మళ్లీ ఫోన్ చేశారు, దీపావళి బాక్సులకి. కొటేషన్ పంపాను. "ఇదేంటి తమ్ముడూ, లగ్నపత్రికలా ఉంది!" అన్నారు. సాయంత్రానికి అడ్వాన్స్ పడింది. చివర్లో 'పాత బాకీ రూ. 1,000' అని కూడా రాశాను లెండి. దాని గురించి మాత్రం ఇంకా ఏమీ మాట్లాడలేదు.

ప్రశ్నలుంటే అడగండి.