రాత్రి మూడింటికి ఎదురు నిలబడే మనిషి

మిత్రులందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది హాఫ్ మారథాన్‌లు పరిగెత్తారు, కొందరు ఫుల్ కూడా పూర్తి చేశారు. పరిగెత్తడం ఎలాగో మీకు నేను చెప్పక్కర్లేదు. రాత్రంతా సాగే రిలేలో పరుగు కాక మిగిలే సమయం గురించి మాట్లాడదామని వచ్చాను. 12 మంది జట్టులో ఒక్కొక్కరు రోడ్డు మీద ఉండేది మహా అయితే మూడు గంటలు. రేసు మాత్రం 30 గంటలకు పైగా నడుస్తుంది. మిగతా 27 గంటలు వ్యాన్‌లోనో, వ్యాన్ పక్కన పరిచిన చాప మీదో గడుస్తాయి. నేను చూసినంతలో జట్లు దెబ్బతిన్నది ఎక్కువగా ఆ 27 గంటల్లోనే.

ఈ ఏడాది మొదటిసారి వస్తున్నవాళ్ల కోసం ముందు రేసు తీరు చెబుతాను. ఇప్పుడు చాలా దేశాల్లో కనిపించే రెండు వ్యాన్ల రిలే పద్ధతికి బాగా పేరు తెచ్చింది అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో జరిగే హుడ్ టు కోస్ట్. 1982లో బాబ్ ఫుట్ అనే రన్నర్ దాన్ని మొదలుపెట్టినప్పుడు వచ్చినవి 8 జట్లే. ఇప్పుడు వెయ్యికి పైగా జట్లు పరిగెత్తుతున్నాయి. మౌంట్ హుడ్ కొండ మీద, సుమారు 1,800 మీటర్ల ఎత్తులో మొదలై పసిఫిక్ తీరంలోని సీసైడ్ ఊరి దగ్గర ముగుస్తుంది. దాదాపు 320 కిలోమీటర్ల ఆ దారిని 36 లెగ్‌లుగా విడదీస్తారు. 12 మందిలో ఒక్కొక్కరికి మూడేసి. మొదటి ఆరుగురు ఒక వ్యాన్‌లో, తర్వాతి ఆరుగురు ఇంకో వ్యాన్‌లో. ఒక వ్యాన్ వాళ్లు పరిగెత్తుతుంటే రెండో వ్యాన్ వాళ్లు తిని, పడుకుని, ముందుకెళ్లి ఎదురుచూస్తారు. మన రేసు కూడా ఇదే లెక్క.

ఈ ఆలోచన ఇంతకన్నా పాతది. 1917లో జపాన్‌లో క్యోటో నుంచి టోక్యో దాకా, 500 కిలోమీటర్లకు పైగా, 23 లెగ్‌లలో పగలూ రాత్రీ పరిగెత్తారు. మూడు రోజులు పట్టింది. పూర్వం ఆ దారిలోనే మజిలీ మజిలీకి గుర్రాలు మారుస్తూ వార్తలు చేరవేసేవారు. ఆ పద్ధతి పేరే ఈ పరుగుకూ వచ్చింది, ఎకిదెన్ అని. అక్కడ చేతిలో బ్యాటన్ ఉండదు. భుజం మీంచి ఏటవాలుగా వేసుకునే గుడ్డ పట్టీ ఉంటుంది, దాన్ని తసుకి అంటారు. 1920లో మొదలైన హకోనె ఎకిదెన్‌లో విశ్వవిద్యాలయాల జట్లు పోటీపడతాయి. వెనకబడ్డ జట్టు నిర్ణీత సమయంలోగా రాకపోతే తర్వాతి రన్నర్‌ను ఆగనివ్వరు. పట్టీ అందకుండానే బయల్దేరదీస్తారు. చెమటతో తడిసిన పట్టీని చేత్తో పట్టుకుని కుర్రాడు మూలమలుపు తిరిగేసరికి అందుకోవలసినవాడు వెళ్లిపోయి ఉంటాడు. ఆ దృశ్యం మొదటిసారి చూసినప్పుడు నాకు కన్నీళ్లాగలేదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. మీ పేస్, అంటే కిలోమీటరుకు మీకు పట్టే సమయం, అడుగుతూ నేను పంపిన కాగితంలో దయచేసి నిజం రాయండి. కిలోమీటరుకు 20 సెకన్లు తగ్గించి రాస్తే ఏమవుతుందిలే అనుకుంటాం. అందరూ అలాగే రాస్తే 320 కిలోమీటర్లకు 6,400 సెకన్లు, అంటే గంటా 47 నిమిషాల తేడా. అలసట కాస్త కూడా కలుపుకోకుండానే అంత. మనం వేసుకున్న సమయాల పట్టిక రెండో రోజు పొద్దుటికి పనికిరాకుండా పోతుంది. రెండో వ్యాన్ వాళ్లు గంట ముందే లేచి చలిలో నిలబడతారు. ఆ గంట నిద్ర వాళ్లకు మళ్లీ దొరకదు.

లెగ్‌లు పంచేటప్పుడు ఒక పొరపాటు అందరూ చేస్తారు. దిగుడు దారి కదా, సులువు అని కొత్తవాళ్లకు ఇస్తారు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపాలి. కండరంలో సన్నటి దెబ్బలు తగిలేది అప్పుడే. ఆ నొప్పి వెంటనే రాదు. సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ఎక్కువవుతుంది. హుడ్ టు కోస్ట్ మొదటి లెగ్ సుమారు 600 మీటర్ల దిగుడు. అది పరిగెత్తినవాళ్లే 13వ లెగ్, 25వ లెగ్ కూడా పరిగెత్తాలి. నొప్పి పట్టుకునేది సరిగ్గా ఆ మూడోసారికే. అందుకని మన దారిలో పెద్ద దిగుడున్న లెగ్ కొండల మీద సాధన చేసినవాళ్లకే ఇస్తున్నాను. మొదటిసారి వస్తున్నవాళ్లకు చదును దారి.

మొదటి లెగ్ ఉత్సాహంలో అయిపోతుంది. దాని గురించి చెప్పడానికేమీ లేదు, మెల్లగా వెళ్లమని తప్ప. అసలు పరీక్ష రెండోది. అర్ధరాత్రి దాటాక వస్తుంది. కొన్ని గంటల ముందు పరిగెత్తిన కాళ్లు వ్యాన్‌లో ముడుచుకుని కర్రల్లా బిగుసుకుపోయి ఉంటాయి. శరీర ఉష్ణోగ్రత రోజు మొత్తంలో అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామున, చాలామందికి నాలుగు, ఐదు గంటల ప్రాంతంలో. ఆకలి వేయదు, వేసినా కడుపు ఒప్పుకోదు. అందుకే తిండి సంగతి మొదటి లెగ్ అయిన వెంటనే చూసుకోవాలి. పరుగు ముగిసిన గంటలోపు శరీర బరువులో కిలోకు ఒక గ్రాము లెక్కన పిండిపదార్థం పడాలి. 60 కిలోల మనిషికి 60 గ్రాములు, అంటే రెండు పెద్ద అరటిపండ్లు. దాంతో పాటు ఉప్పు కలిసిన ద్రవం ఏదైనా. రేసు రోజున కొత్త తిండి వద్దు, కడుపు నిండా భోజనం అంతకన్నా వద్దు.

కాఫీ విషయంలో జాగ్రత్త. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రెండింటికి పెద్ద కప్పు తాగి మూడింటికి పరిగెత్తి, ఐదింటికి పడుకుందామంటే కుదరదు. కళ్లు మూసుకుంటారు, అంతే.

ఇక నిద్ర. కాగితం మీద ఒక్కో వ్యాన్‌కు ఐదారు గంటల విరామం కనిపిస్తుంది. అందులో ఒక వ్యాన్ నుంచి ఇంకో వ్యాన్‌కు పరుగు మారే తర్వాతి పెద్ద మార్పిడి చోటుకు డ్రైవింగ్, తిండి, బట్టలు మార్చుకోవడం, టాయిలెట్ దగ్గర క్యూ, అన్నీ పోగా మిగిలేది రెండు గంటలు, అదృష్టం బాగుంటే మూడు. ఆ రెండు గంటలు కాపాడుకోవడమే కెప్టెన్ పని. ఆ సమయంలో ఫోన్లు, కబుర్లు, పాటలు ఉండవు. వ్యాన్ తలుపు దడాలున వేసేవాళ్లు కూడా ఉండకూడదు.

నేను మొదటిసారి కెప్టెన్‌గా వెళ్లిన రిలే సంగతి ఇప్పుడు చెప్పాలి. రెండో వ్యాన్ బాధ్యత నాది. రాత్రి పెద్ద మార్పిడి చోటు ఒక పొలం. వందల వ్యాన్లు, ఫోన్‌కు సిగ్నల్ లేదు. మొదటి వ్యాన్ ఆఖరి రన్నర్ 3 గంటల 10 నిమిషాలకు వస్తుందని మా పట్టిక. నేను 2:55కి అలారం పెట్టి, మా తర్వాతి రన్నర్‌ను కూడా అప్పుడే లేపుదామని పడుకున్నాను. రాత్రి చల్లబడటంతో మొదటి వ్యాన్‌లో ఆరుగురూ అనుకున్నదానికన్నా బాగా పరిగెత్తారు. తలా మూడు నిమిషాలు మిగిల్చారు. అది మాకు చెప్పాల్సిన వాళ్ల వ్యాన్ పొలం బయట వాహనాల వరసలో ఇరుక్కుపోయింది. ఆ అమ్మాయి 2:52కి వచ్చింది. బ్యాటన్ బదులు చేతులు మారే మణికట్టు పట్టీ తీసి చేత్తో చాచి పట్టుకుని చూసింది. ఎదురుగా ఎవరూ లేరు.

వాలంటీర్లు మా జట్టు నంబరు అరుస్తూనే ఉన్నారట. పొలం ఆ చివరన నేను నిద్రపోతున్నాను. అలారం మోగి, స్లీపింగ్ బ్యాగ్‌లో ఉన్న రన్నర్‌ను లేపి, చీకట్లో బూట్లు వెతికి, పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి 3:04. పన్నెండు నిమిషాలు. ఆమె ఒక్క మాట అనలేదు. చెమట ఆరి వణుకుతోంది. పట్టీ ఇచ్చి పక్కకు వెళ్లి నేల మీద కూర్చుంది. మర్నాడు తన మూడో లెగ్‌లో సగం నడవాల్సి వచ్చింది, పిక్కలు పట్టేసి. ఆ తడి బట్టల్లో నిలబెట్టిన పాపం నాదే. పైగా నిద్రమత్తులో పరుగందుకున్న మా రన్నర్ మొదటి మలుపే తప్పాడు.

గాఢనిద్రలోంచి లేచినప్పుడు బుర్ర పూర్తిగా పనిచేయడానికి మామూలుగా 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ. కాబట్టి అప్పటి నుంచి నా పద్ధతి మారింది. అంచనా సమయానికి గంట ముందు నుంచి ఒకరు మార్పిడి గీత దగ్గర కూర్చుంటారు. వ్యాన్‌లో కాదు, గీత దగ్గరే. ఆ కాపలా ఎవరిదో పేరు రాసి ఉంటుంది. తర్వాతి రన్నర్‌ను 45 నిమిషాల ముందు లేపుతారు. 15 నిమిషాల ముందు ఆ రన్నర్ కూడా గీత దగ్గరికి చేరాలి, ఒంటి మీద ఉన్ని కోటుతో. వచ్చేవాళ్లకు ఆ కోటే కప్పుతాం. పట్టీ ఒకరి నుంచి ఇంకొకరికి, కోటు ఇటు నుంచి అటు. మొదట్లో కొందరికి అతిగా అనిపించింది. మూడింటికి చీకట్లోంచి వచ్చి తన పేరు విన్నవాళ్లెవరూ మళ్లీ ఆ మాట అనలేదు.

రాత్రి లెగ్‌కు సామాను గురించి క్లుప్తంగా. ఒక్కో లెగ్‌కు ఒక్కో జిప్ కవరు. అందులో బట్టలు, సాక్సులు, నంబరు అన్నీ సర్ది పైన లెగ్ నంబరు రాయండి. రిఫ్లెక్టివ్ జాకెట్, వీపున మెరిసే ఎర్ర లైటు తప్పనిసరి. హెడ్‌ల్యాంప్‌తో పాటు నడుముకు కూడా ఒక లైటు కట్టుకోండి. నుదుటి మీది లైటు మన చూపు వెళ్లే దారిలోనే పడుతుంది. నీడలు కనపడవు, గుంత కూడా చదునుగానే కనిపిస్తుంది. నడుము దగ్గరి వెలుగు కింద నుంచి వస్తుంది కాబట్టి రాయి వెనక నీడ పడుతుంది, అడుగు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. ఇంకో సంగతి. ముందు మెరిసే ఎర్ర లైటును నమ్ముకుని దాని వెనకే వెళ్లిపోకండి. వాళ్లే దారి తప్పి ఉండొచ్చు. మలుపు దగ్గర బాణం గుర్తు మీ కళ్లతో మీరే చూడాలి.

ఫిన్లాండ్‌లో యూకొలా అనే రిలే ఉంది, 1949 నుంచి జరుగుతోంది. ఏడుగురి జట్టు. రాత్రి 11 గంటలకు మొదలుపెట్టి అడవిలో, చేతిలో మ్యాపుతో, దారి వెతుక్కుంటూ పరిగెత్తుతారు. వాళ్లతో పోలిస్తే మనకు గుర్తులు పెట్టిన రోడ్డు ఉంది. చీకటంటే కొత్తవాళ్లకు టెన్షన్ సహజం. అయినా నన్నడిగితే మూడు లెగ్‌లలో గుర్తుండిపోయేది ఆ చీకటిదే. మీ ఊపిరి, మీ అడుగుల చప్పుడు, ముందు ఒక వెలుగు చక్రం. అంతకుమించి ఏమీ ఉండదు. దాన్ని ఎవరితోనూ మార్చుకోవద్దు, మీ వాటా మీరే పరిగెత్తండి.

రెండింటి నుంచి ఆరింటి మధ్య వ్యాన్‌లో వాదనలు పెట్టుకోవద్దని కూడా అడుగుతున్నాను. ఆ వేళలో చిన్న మాట కూడా ముల్లులా గుచ్చుకుంటుంది. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ల లెగ్ ఎవరు పరిగెత్తాలో ఈ రోజే, నిర్వాహకుల నియమాలు చూసి రాసిపెట్టుకుందాం. ఆ రాత్రి చర్చ ఉండకూడదు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది వ్యాన్ నడపడం. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని, 24 గంటలకు అది 0.10 శాతం స్థాయికి చేరుతుందని తేలింది. తాగినవాళ్ల చేతికి తాళాలు ఇవ్వం. పొద్దున ఆరింటికి లేచి, ఒకసారి పరిగెత్తి, అర్ధరాత్రి దాటాక స్టీరింగ్ పట్టుకునే రన్నర్‌కు మాత్రం నవ్వుతూ ఇచ్చేస్తాం. రన్నర్లు నడిచే రోడ్డు మీదే, వాళ్ల పక్క నుంచే ఆ వ్యాన్ వెళుతుంది.

కాబట్టి ఈసారి వ్యాన్‌కు ఇద్దరు డ్రైవర్లు. ఆ నలుగురూ పరిగెత్తరు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక సీటులో పడుకుంటారు. ముందు సీటులో కూర్చున్నవాళ్లు మెలకువగా ఉండి మాట్లాడుతూ ఉండాలి. డ్రైవర్ "నావల్ల కాదు" అన్న క్షణం వ్యాన్ పక్కకు ఆగుతుంది, మార్పిడి ఆలస్యమైనా సరే. ఈ ఒక్క సందర్భంలో మాత్రం గీత దగ్గర మనిషి లేకపోయినా నేనేమీ అనను.

పరిగెత్తకుండా రెండు రోజులు మన కోసం నిద్ర చెడగొట్టుకునే నలుగురు కావాలి. లెగ్‌ల పట్టిక తర్వాత తీద్దాం. ముందు ఆ నలుగురి పేర్లు రాసుకుంటాను. చేతులెత్తండి.