స్వస్తికం: గడప ముందు ఒకటి, జెండా మీద ఇంకొకటి

(దృశ్యం: కోనసీమలో ఒక వాకిలి. కళ్ళాపి ఇంకా ఆరలేదు. చేతిలో వరిపిండి.)

ఐదు వరసలు, వరసకు ఐదు చుక్కలు. నడిమి నిలువు గీత, నడిమి అడ్డగీత. పై కొస నుంచి కుడికి రెండు చుక్కలు లాగాలి. కుడి కొస కిందికి, కింది కొస ఎడమకు, ఎడమ కొస పైకి. నాలుగు ఖాళీల్లో నాలుగు కుంకుమ బొట్లు. ఏ ఒక్క కొస ఎదురు తిరిగినా చెరిపి మళ్ళీ వేయాల్సిందే.

(దృశ్యం: పాత నలుపు తెలుపు ఫొటో, ఊరేగింపులో జెండాలు.)

ఇది నాజీలది. 1920లో పార్టీ గుర్తు, 1935లో జర్మనీ జాతీయ జెండా. ఎర్ర గుడ్డ, మధ్యలో తెల్ల వృత్తం, అందులో 45 డిగ్రీలు ఒరిగిన నల్ల గుర్తు. వాళ్ళు పిలిచిన పేరు హాకెన్‌క్రోయిట్స్, అంటే కొక్కేల శిలువ.

"మనది కుడికి తిరుగుతుంది, వాళ్ళది ఎడమకి" అని వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతుంటుంది. తప్పు. ఆ జెండా మీదదీ కుడికే తిరిగింది. పోనీ ఒరిగితే నాజీది అనుకుందామా? హిట్లర్ సొంత జెండాలో అది నిటారుగానే ఉండేది. ఎడమకు తిరిగినదైతే జపాన్ మ్యాపుల్లో బౌద్ధాలయానికి గుర్తు! ఆకారం చూసి తేల్చేద్దామంటే కుదరదు. రంగులు, పక్కన ఉన్న గుర్తులు, వేసినవాళ్ళు, వేసిన చోటు, అన్నీ చూడాలి.

(దృశ్యం: అమరావతి బుద్ధపాదాలు. కాలివేళ్ళ దగ్గరకు కెమెరా.)

చూశారా, వేళ్ళ మీద స్వస్తికాలు. నాజీల కంటే దాదాపు రెండు వేల ఏళ్ళ ముందువి. జైనుల్లో ఏడో తీర్థంకరుడు, అంటే ఏడో మహాగురువు, సుపార్శ్వనాథుణ్ణి గుర్తుపట్టే చిహ్నం కూడా ఇదే.

(దృశ్యం: శుభలేఖ, పక్కన దాని జిరాక్స్.)

అమలాపురం నుంచో భీమవరం నుంచో జర్మనీ వెళ్ళే పిల్లలకు ఇది పనికొచ్చే సంగతి. అక్కడి శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ ప్రకారం నాజీ గుర్తును బహిరంగంగా వాడితే మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా. చదువుకు, కళకు, పరిశోధనకు మినహాయింపు ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా 2022లో చేసిన చట్టమైతే హిందూ, బౌద్ధ, జైన వాడకాన్ని పేరుపెట్టి మరీ మినహాయించింది.

శుభలేఖ పసుపు అంచు, ఎర్ర స్వస్తికం, పక్కన వినాయకుడితో ఉంటే చూసేవాళ్ళకు పెళ్ళి అని తెలుస్తుంది. వీసా కాగితాల్లో పెట్టడానికి జిరాక్స్ తీస్తే పసుపూ ఎరుపూ పోయి నల్ల గుర్తే మిగులుతుంది. రంగుల్లో స్కాన్ చేయించండి, వినాయకుణ్ణి కత్తిరించకండి.

ఇంకో తమాషా. ముగ్గును గడప లోపలి నుంచి చూసినా, వీధిలోంచి చూసినా కుడికే తిరుగుతుంది. కారు వెనకద్దం మీది స్టిక్కర్ మాత్రం లోపల కూర్చున్నవాళ్ళకు ఎడమకే తిరిగి కనిపిస్తుంది.