పేరు వేస్తే సరిపోదు, అడగాలి

(దృశ్యం: మాదాపూర్‌లో ఒక ఆఫీసు. మానిటర్ మీద కంపెనీ పోస్టర్. అందులో రాత్రి వెలుగుల్లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి.)

టీమ్ లీడ్: ఫొటో చాలా బాగుంది. ఎవరు తీశారు?

డిజైనర్: తెలియదక్కా, గూగుల్‌లో దొరికింది. కింద "ఇంటర్నెట్ నుంచి" అని క్రెడిట్ వేశాను.

వ్యాఖ్యాత: గూగుల్ వెతికి చూపిస్తుంది, అంతే. ఫొటో మీద హక్కు వేరేవాళ్లది. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు ఫొటో తీసిన క్షణం నుంచే ఉంటుంది. రిజిస్టర్ చేయించకపోయినా, కాపీరైట్ గుర్తు లేకపోయినా ఉంటుంది. తీసిన మనిషి చనిపోయాక ఇంకో 60 ఏళ్లు కూడా ఉంటుంది.

పేరు వేయడం మంచిదే. కానీ పేరు వేసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. వెలుతురు కుదిరేదాకా కాచుకుని ఆ ఒక్క ఫ్రేమ్ పట్టిన మనిషికి అదే బతుకుతెరువు కావచ్చు. పోస్టర్ ప్రింటింగ్‌కీ, ప్రమోషన్‌కీ డబ్బు ఇస్తూ, ఆ మనిషికి మాత్రం ఒక్క మెయిల్ కూడా పెట్టకపోవడం అన్యాయం.

(దృశ్యం: డిజైనర్ కెమెరాతో చెరువు గట్టున.)

వ్యాఖ్యాత: మరి బ్రిడ్జిని మనమే వెళ్లి ఫొటో తీసుకుంటే? నిక్షేపంగా వాడుకోవచ్చు. కట్టడాలనూ, జనం తిరిగే చోట శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహాలనూ ఫొటో తీసి ప్రచురించుకోవడానికి చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది.

(దృశ్యం: ఖైరతాబాద్ దగ్గర మక్తా గోడల మీది రంగుల బొమ్మలు.)

వ్యాఖ్యాత: ఇక్కడ చాలామంది పొరబడతారు. బొమ్మ రోడ్డు మీదే ఉంది కదా అనుకుంటారు. విగ్రహాలకున్న ఆ వెసులుబాటులో పెయింటింగ్ లేదు. మక్తా గోడ ముందు మన ప్రోడక్ట్ పెట్టి పోస్టర్‌కు ఫొటో తీయాలంటే, ఆ బొమ్మ వేసిన ఆర్టిస్టును అడగాల్సిందే.

డిజైనర్: వేరేవాళ్ల ఫొటోను ఆఫీసు ట్రైనింగ్ పీపీటీలో పెట్టుకుంటే? బయటికి వెళ్లదు కదా అక్కా.

వ్యాఖ్యాత: సొంత చదువుకో, పరిశోధనకో, సమీక్షకో, వార్తకో న్యాయంగా వాడుకునే వీలు చట్టంలో ఉంది. కంపెనీ పని సొంత పని కిందికి రాదు. ఇంకో రెండు మాటలు కూడా తరచూ వినిపిస్తాయి: "పాట పది సెకన్లే వాడాం", "కొంచెం మార్చాం". పది సెకన్లయితే పర్లేదనీ, కొంచెం మారిస్తే చాలనీ చట్టంలో ఎక్కడా లేదు.

లైసెన్సు చదవడం పెద్ద పనేం కాదు. క్రియేటివ్ కామన్స్ అంటే, హక్కుదారులే కొన్ని షరతులతో అందరినీ వాడుకోనిచ్చే లైసెన్సు. అందులో "నాన్ కమర్షియల్" అని ఉంటే వ్యాపారానికి వాడకూడదు. "నో డెరివేటివ్స్" అంటే మార్చినదాన్ని పంచుకోకూడదు. స్టాక్ ఫొటో కొంటే రసీదు ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే దాచండి. ఫ్రీలాన్సర్ చేత వ్యాసం రాయిస్తే, డబ్బు ఇచ్చినంత మాత్రాన హక్కు మనది కాదు. రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. ఉద్యోగి డ్యూటీలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు కంపెనీది.

తెలిసీ ఉల్లంఘిస్తే మామూలుగా ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌ను తెలిసి వాడటం కూడా నేరమే.

(దృశ్యం: ఆఫీసు ఆవరణలో బతుకమ్మ. పక్కన డీజే సౌండ్ బాక్సులు.)

టీమ్ లీడ్: పండగ పాటలకు కూడా లైసెన్సా?

వ్యాఖ్యాత: తరతరాలుగా వస్తున్న పాటలను మనవాళ్లే చప్పట్లు కొడుతూ పాడుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు. కానీ నిరుడు విడుదలైన పాట రికార్డింగును డీజే వేస్తే, దాని వెనక రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, రికార్డు చేసిన సంస్థ ఉంటారు. పెళ్లి వేడుకలకూ, మతపరమైన కార్యక్రమాలకూ చట్టం మినహాయింపు ఇచ్చింది. ఆఫీసు ఈవెంట్ అందులోకి వస్తుందని ధీమాగా ఉండలేం. కాబట్టి ఈవెంట్ ఏజెన్సీకి అడ్వాన్స్ ఇచ్చే ముందే, మ్యూజిక్ లైసెన్సు ఎవరు తీసుకుంటారో కొటేషన్‌లో రాయించుకోండి. ఆ కాపీని లీగల్ టీమ్‌కు పంపండి.