అమ్మ వెనక క్యాలెండర్

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, ఎదురుగా కూర్చున్న తమ్ముళ్లకి నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఈ ఉక్కలో కాసేపు తీసి పక్కన పెడతాను, ఏమీ అనుకోకండి. ఇందాక డాగేర్ గారి పటానికి దండ వేశాం. 1839 ఆగస్టు 19న ఫ్రాన్స్‌లో ఆయన ఫోటో తీసే పద్ధతిని బయటపెట్టారు కాబట్టే ఇవాళ మనకి పండగ, ప్రపంచ ఫోటోగ్రఫీ దినం. ఆయన కాలం నాటి పలకలు భూతద్దం పెట్టి చూసినా చెక్కుచెదరవు. మనవాళ్లు ఫ్లెక్సీ మీద వేయించిన ఆయన ముఖం మాత్రం గళ్లు గళ్లుగా పగిలింది. సరే, పోనివ్వండి.

ఫిల్మ్ రోజుల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నేను ఒక్క కెమెరా గురించే చెబుతాను. ఫ్యూజీ జీడబ్ల్యూ 690, మూడో మోడల్, 1992లో వచ్చింది. 'టెక్సాస్ లైకా' అని దానికి ముద్దుపేరు. లైకా అంటే చేతిలో ఇమిడే చిన్న జర్మన్ కెమెరా. ఇదీ చూడ్డానికి లైకాలాగే ఉంటుంది, కాకపోతే దున్నపోతంత! కిలోన్నర బరువు. బ్యాటరీ లేదు, వెలుగు కొలిచే మీటర్ లేదు, 120 రీలు వేస్తే ఎనిమిదే ఫోటోలు. కానీ నెగెటివ్ మాత్రం 35 ఎంఎం దానికి ఐదు రెట్ల పైనే. లోపల అద్దం లేదు, షట్టర్ లెన్సులోనే ఉంటుంది, అందుకని అద్దం ఎగిరిపడే కుదుపు ఉండదు.

మా మేనల్లుడు జపాన్ నుంచి వస్తూ సెకండ్ హ్యాండ్‌ది తెచ్చిచ్చాడు. మొదటి ఫోటో మా అమ్మది. వరండాలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. రెండు మీటర్ల దూరం. లెన్సు కంత పూర్తిగా తెరిచాను, అంటే 3.5 నంబరు మీద. వ్యూఫైండర్ మధ్య గడిలో అమ్మ కళ్లజోడు రెండుగా కనబడింది. రింగు తిప్పితే ఒకటైంది. నొక్కాను. "ఒక్క ఫోటోకి ఇంతసేపట్రా?" అంది.

రీలు కడిగి ఎన్‌లార్జర్‌లో పెడితే అమ్మ ముఖం మసక. గోదావరి మీద పాత హేవ్‌లాక్ వంతెనవి బాగానే వచ్చాయి. అది తీసేటప్పుడు రింగు చివరిదాకా తిప్పినా రెండు బొమ్మలూ పూర్తిగా కలవలేదు. నా కళ్లజోడు పాతబడింది కదా, అదే అనుకున్నాను.

ఒక రిపేరు చేసేవాడి దగ్గరికి తీసుకెళ్లాను. లెన్సులోకి టార్చి వేసి చూశాడు. "కోటింగ్ పోయిందండీ, ఇది ఇంతే" అన్నాడు. చూసినందుకు ఐదొందలు. ఐదొందలు పోతే పోయాయి, కానీ కెమెరా వెనక తలుపు తెరవలేదండీ! టార్చి వేశాడు, తల ఊపాడు, తలుపు తెరవలేదు. నేనూ తెరవలేదనుకోండి. ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ణి.

మీలో ఎంతమంది మసకొచ్చిందని లెన్సు అమ్మేశారు? చేతులెత్తండి... చూశారా, ఇంతమందిమి!

నేనూ వచ్చినకాడికి అమ్మేశాను. కొన్న కుర్రాడు ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. ఎనిమిది నెలలకి ఒక ప్రింటు పట్టుకొచ్చాడు. టీ కొట్టు దగ్గర వాళ్ల నాన్న. గడ్డంలో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అదే కెమెరా, అదే లెన్సు, అదే 3.5! వాడు చేసిందల్లా రేంజ్‌ఫైండర్ సరిచేయించడం, అదే, గడిలో రెండు బొమ్మల్ని కలిపి ఫోకస్ చూపించే భాగం.

ఆ రాత్రి అమ్మ నెగెటివ్ తీసి మళ్లీ భూతద్దం పెట్టాను. అప్పటికి అమ్మ లేదు. ముఖం మసకే. రెండడుగుల వెనక గోడకి వేలాడుతున్న క్యాలెండర్‌లో మాత్రం 'ఏకాదశి' అని చదువుకోవచ్చు. లెన్సు తన పని తాను చేసింది, నేను చూపించిన చోటే తేడా. సాక్ష్యం నా చేతిలోనే ఉంది, నేను ముఖం ఒక్కటే చూశాను.

టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది. ఇంకో రెండు నిమిషాలు, అంతే.

మసకొస్తే ముందు నెగెటివ్ అంతా వెతకండి, ఎక్కడో ఒకచోట షార్ప్‌గా ఉందా అని. ఉంటే ఫోకస్ తప్పింది. రెండు మీటర్ల దగ్గర, 3.5 మీద, మనకి షార్ప్‌గా దక్కేది జానెడు లోపే. ఎక్కడా లేకపోతే చేతి వణుకు కావచ్చు. షట్టర్ 125 కంటే, అంటే సెకనులో 125వ వంతు కంటే, తక్కువ స్పీడు పెడితే స్టాండు వేయండి. కంత 8, 11 నంబర్ల మధ్య ఉంటే లెన్సు బాగా పనిచేస్తుంది. అన్నీ షార్ప్‌గా రావాలని 32 దాకా మూస్తే, అంత చిన్న కంతలోంచి వచ్చే వెలుగు చెదిరి మొత్తం మెత్తబడుతుంది.

ఇక ఆ తలుపు సంగతి. కుర్రాడు కెమెరా తెచ్చాడు, రీలు లేదు. వెనక తలుపు తెరిచి, రీలు పరుచుకునే చోట గరుకు గాజుముక్క పెడతాం, గరుకు వైపు లెన్సు వైపుకి. షట్టర్ 'టి' మీద పెట్టి నొక్కితే తెరుచుకునే ఉంటుంది. రెండు మీటర్ల దూరంలో కొవ్వొత్తి. గడిలో వత్తి ఒకటిగా కలిసినప్పుడు గాజు మీద కూడా సన్నగా కనబడాలి. ఒక్కొక్కరే వచ్చి భూతద్దంలో చూడండి, తోసుకోవద్దు. స్విచ్చుల దగ్గరున్న బాబూ, హాల్లో లైట్లార్పు. ఫ్యాన్లు కూడా ఆపమ్మా, కొవ్వొత్తి నిలవదు.