ఎల్స్ లేని ఇఫ్

అందరికీ నమస్కారం. నన్ను పిలిచిన నిర్వాహకులకు, నాకంటే ముందు మాట్లాడిన మిత్రులకు, పనులు మానుకుని వచ్చి కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం పైప్‌లైన్ల కోసం హెల్పర్ ఫంక్షన్లు రాయడం. పైప్‌లైన్ అంటే ఒక ఫంక్షన్ ఇచ్చిన ఫలితం తర్వాతి ఫంక్షన్‌కి చేరేలా మెట్లుగా రాసిన కోడ్. హెల్పర్ అంటే అందులో ఒక మెట్టు పని చేసే చిన్న ఫంక్షన్. దాని గురించే మాట్లాడతాను. కానీ నేను ఈ అంశం ఒప్పుకోవడానికి వేరే కారణం ఉంది, అది మధ్యలో వస్తుంది.

ముందు ఆర్గ్యుమెంట్ల వరస, అంటే ఫంక్షన్‌కి ఇచ్చే విలువల వరస. ఎలిక్సిర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో |> అనే పైప్ గుర్తు ఎడమ పక్కనున్న విలువను తీసుకెళ్లి కుడి పక్క ఫంక్షన్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా పెడుతుంది. అంతే. కాబట్టి మన హెల్పర్ దేని మీద పనిచేస్తుందో అది ముందు రావాలి, ఎలా చేయాలో చెప్పేవి తర్వాత. స్ట్రింగ్.రీప్లేస్‌కి స్ట్రింగ్ (టెక్స్ట్) ముందు, అందుకే పైప్‌లో హాయిగా ఇమిడిపోతుంది. రెజెక్స్.రీప్లేస్‌కి రెజెక్స్ (వెతకాల్సిన నమూనా) ముందు, స్ట్రింగ్ రెండోది. అక్కడ చేయి ఆగుతుంది. ఎఫ్‌షార్ప్, ఓకామల్ భాషల్లో రాసేవాళ్లకు ఇదంతా తిరగబడుతుంది. అక్కడ లిస్ట్.మ్యాప్‌కి ఫంక్షన్ ఒక్కటే ఇస్తే, లిస్టు కోసం ఎదురుచూసే ఇంకో ఫంక్షన్ వస్తుంది. పైప్ దానికి లిస్టు అందిస్తుంది. అందుకే డేటా చివర. మీరు ఏ భాషలో ఉంటే ఆ భాష వరస పాటించండి, సొంత వరస పెట్టకండి.

దీని మీద ఇంతకంటే సమయం పెట్టను. వరస తప్పితే చాలాసార్లు కంపైలరో, మొదటి టెస్టో చెప్పేస్తుంది. అసలు ప్రమాదం రెండో కొసన ఉంది. హెల్పర్ ఏం తిరిగిస్తుంది?

1973లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి పైపులు వచ్చాయి. ఒకరు రాసిన ప్రోగ్రామ్‌ని ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్‌కి తగిలించగలిగారంటే, రెండూ టెక్స్ట్ తీసుకుని టెక్స్టే ఇచ్చేవి కాబట్టి. మన హెల్పర్లకూ అదే పొందిక కావాలి. ఒక చిన్న ఉదాహరణ. పైప్ మధ్యలో ఏముందో చూద్దామని ఐఓ.పుట్స్ పెడతారు. స్క్రీన్ మీద కనిపిస్తుంది, కానీ అది తిరిగిచ్చేది :ఓకే అనే ఆటమ్, అంటే తన పేరే తన విలువగా ఉండే గుర్తు. మీ లిస్టు అక్కడితో పోయింది, తర్వాతి మెట్టుకి :ఓకే చేరింది. అదే ఐఓ.ఇన్‌స్పెక్ట్ తనకిచ్చినదాన్ని చూపించి, దాన్నే వెనక్కిస్తుంది. ఆ ఒక్క గుణం వల్ల దాన్ని పైప్‌లో ఎక్కడైనా పెట్టొచ్చు, ఎప్పుడైనా తీసేయొచ్చు. 2021లో ఎలిక్సిర్ 1.12తో వచ్చిన ట్యాప్ కూడా ఇదే పని చేస్తుంది. లాగ్ రాయండి, మెయిల్ పంపండి, లోపల ఏం జరిగినా బయటికి మొదటి విలువే వస్తుంది.

ఇప్పుడు నేను చెప్పాల్సిన విషయం.

కొన్నేళ్ల క్రితం ఒక ఆఫీసులో ఆర్డర్ల రిపోర్టుకి నేనొక హెల్పర్ రాశాను. ఆర్డర్ల లిస్టు, తేదీ తీసుకుంటుంది. లోపల ఒక ఇఫ్: తేదీ ఉంటే ఆ తేదీ ఆర్డర్లే వడకట్టు. లేకపోతే ఏం చేయాలో చెప్పే ఎల్స్ రాయలేదు. అప్పట్లో తేదీ తప్పనిసరి, అవసరం అనిపించలేదు. ఎలిక్సిర్‌లో ఎల్స్ లేని ఇఫ్, షరతు కుదరకపోతే నిల్, అంటే "ఏమీ లేదు" అనే విలువ, ఇస్తుంది. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ వదిలేశాను.

తర్వాత స్క్రీన్‌లో తేదీని ఐచ్ఛికం చేశారు. తేదీ ఎంచుకోనివాళ్లకి రిపోర్టు క్రాష్ అయింది. టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయికి ఆ పని ఇచ్చి, సాయంత్రంలోగా కావాలన్నారు. అతను నిల్ వస్తోందని చూసి, నా హెల్పర్ కింద లిస్ట్.ర్యాప్ అని ఒక మెట్టు పెట్టాడు. లిస్ట్.ర్యాప్‌కి నిల్ ఇస్తే ఖాళీ లిస్టు వస్తుంది. క్రాష్ ఆగింది. ఆ మార్పుని రివ్యూలో ఓకే చేసింది కూడా నేనే.

రెండు వారాల పాటు, తేదీ ఎంచుకోని ప్రతి ఒక్కరికీ రిపోర్టు సున్నా చూపించింది. ఎర్రర్ లేదు, ఎర్ర గీత లేదు. శుభ్రంగా సున్నా. బయటపడ్డాక మీటింగ్ పెట్టారు. "ర్యాప్ ఎవరు పెట్టారు?" అని అడిగారు. అతను చేయి ఎత్తాడు. అరగంట అతన్నే నిలదీశారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. నోరు విప్పలేదు.

ఆ మౌనం గురించి నాకు నేను చెప్పుకున్న సాకులన్నీ అరిగిపోయాయి. ఏడాది తర్వాత అతనికి ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పాను. "తెలుసన్నా, ఆ రాత్రే నీ ఫంక్షన్ తెరిచి చూశాను" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ల్యాప్‌టాప్‌లు తెరిచి ఉన్నవాళ్లు దయచేసి ఇప్పుడే మీ కోడ్‌లో చూడండి. పైప్‌లో పెట్టే హెల్పర్లలో ఎల్స్ లేని ఇఫ్ ఎక్కడుంది? నిజంగా అడుగుతున్నాను, వెతకండి. నేను ఇప్పుడైతే ఆ హెల్పర్‌ని రెండు క్లాజులుగా, అంటే ఒకే ఫంక్షన్‌కి రెండు విడి రూపాలుగా, రాస్తాను. తేదీ స్థానంలో నిల్ వస్తే, వచ్చిన ఆర్డర్లు వచ్చినట్టే వెనక్కి. తేదీ ఉంటే వడకట్టి వెనక్కి. ఏ దారిలో వెళ్లినా లిస్టే బయటికి వస్తుంది. పేరు కూడా "తేదీ_ఉంటే_వడకట్టు" అని పెడతాను, పైప్ చదివేవాళ్లకి ఈ మెట్టు ఏమీ చేయకపోవచ్చని అక్కడే తెలిసేలా.

విఫలమయ్యే మెట్ల గురించి రెండు మాటలు. ఫైల్.రీడ్ తన ఫలితాన్ని :ఓకేతోనో :ఎర్రర్‌తోనో జత చేసి ఇస్తుంది. దాన్ని నేరుగా పైప్ మధ్యలో ఇరికించకండి. అలాంటివి రెండు మూడు వరసగా ఉంటే విత్ వాడండి, ఒక మెట్టు విఫలమైతే అది అక్కడే ఆగుతుంది, ఎలిక్సిర్ 1.2 నుంచి ఉంది. ప్రతి హెల్పర్‌కీ ఎర్రర్‌ని దాటించే క్లాజు తగిలించుకుంటూ పోతే, పైప్ చూడ్డానికి చక్కగానే ఉంటుంది, ఏ మెట్టు దగ్గర పని ఆగిందో మాత్రం ఎవరికీ తెలియదు.

నా నోట్స్‌లో ఇంకా రెండు పేజీలున్నాయి, మాక్రోల గురించి. అవి పక్కన పెడతాను. వెనక వరసలో ఒకరు చేయి ఎత్తారు. కోడ్‌లో దొరికిందా? ఆ ఫంక్షన్ ఒకసారి పైకి చదవండి.