ఆట మధ్యలో ఎవరూ లేచి వంటింట్లోకి వెళ్ళకూడదు

శ్రోతలందరికీ నమస్కారం.

కిందటేడు వానాకాలంలో ఒక శనివారం రాత్రి మా ఇంట్లో ఏడుగురం ఆటకు కూర్చున్నాం. నేను, అన్నయ్య, వదిన, అక్క, బావ, పక్క ఫ్లాట్‌లో ఉండే భార్యాభర్తలు. పిల్లలు పడుకున్నారు. బయట వాన. పిల్లల అలమరలోంచి బిజినెస్ ఆట తీశాం. స్థలాలు కొనుక్కోవడం, ఇళ్ళు కట్టడం, మన స్థలంలోకి వచ్చినవాళ్ళ దగ్గర అద్దె వసూలు చేయడం, అదీ ఆట. ఎనిమిదిన్నరకు మొదలుపెట్టాం. తొమ్మిదిన్నర కాకముందే వదిన చేతిలో డబ్బంతా అయిపోయింది. "సరే, మీరు ఆడుకోండి" అని లేచింది. కాసేపు మా వెనకాల నిలబడి చూసింది. తర్వాత వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే గిన్నెలు తోముతున్న చప్పుడు.

మా ఆట పదకొండున్నర దాకా సాగింది. భోజనానికి పిలిస్తే వచ్చిన మనిషి మా ఇంటి గిన్నెలు కడిగి, పొయ్యి గట్టు తుడిచి, సోఫాలో ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. మేం హాల్లో కేకలు పెడుతున్నాం. మాలో ఒక్కరం కూడా తిరిగి చూడలేదు. మర్నాడు పొద్దున బోర్లించిన గిన్నెలు చూసినప్పుడు నాకు మనసు చివుక్కుమంది.

అప్పటి నుంచి పెద్దవాళ్ళం కూర్చునే రాత్రికి ఏ ఆట తీయాలన్నా నేను మొదట చూసేది ఒకటే. ఈ ఆటలో ఎవరైనా మధ్యలో లేచి వెళ్ళిపోవాల్సి వస్తుందా? లేవకపోయినా, తన వంతు కోసం ఎంతసేపు ఖాళీగా కూర్చోవాలి? ఆట ఎంత పేరున్నదైనా, పెట్టె ఎంత అందంగా ఉన్నా, ఇది తేలాకే మిగతా సంగతులు.

స్థలాలు కొనే ఆటలకు మూలం అమెరికాలో ఉంది. ఎలిజబెత్ మేగీ అనే ఆవిడ 1904లో ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ అనే ఆటకు పేటెంట్ తీసుకుంది. భూమి అంతా కొద్దిమంది చేతిలో పడితే మిగతావాళ్ళు అద్దెలు కట్టి కట్టి ఎలా చితికిపోతారో జనానికి తెలియాలన్నది ఆవిడ ఉద్దేశం. కాబట్టి ఒకరి దగ్గర అంతా పోగై మిగతావాళ్ళు చితికిపోవడం ఆ ఆటలో పొరపాటున జరిగేది కాదు, ఆట కట్టిందే దాని మీద. పాఠంగా అది గొప్ప ఆలోచన. ఏడుగురు అయినవాళ్ళు మూడు గంటలు సంతోషంగా గడపాలనుకున్న రాత్రికి మాత్రం నేను దాన్ని తీయను.

ఇక ఎంతమంది వస్తున్నారన్నది. మన ఇళ్ళలో ఇది ముందుగా తేలదు. నలుగురిని పిలిస్తే ఆరుగురు వస్తారు, బావగారి స్నేహితుడు ఊళ్ళో ఉంటే ఆయన కూడా వస్తాడు. రావాలి కూడా. కానీ ఆట పెట్టె మీద 2–4 అనో, 3–4 అనో రాసి ఉంటుంది. ఆ అంకె చూడకుండా కొనేసి, తీరా రాత్రి అయ్యాక "ఇద్దరు చూస్తూ ఉండండి" అనడం చాలా తప్పు. నా మటుకు నేను రెండు రకాలు సిద్ధంగా ఉంచుకుంటాను. నలుగురు ఆడేది ఒకటి, ఎంతమంది వచ్చినా రెండు జట్లుగా విడిపోయి ఆడేది ఒకటి. ఎనిమిదిమంది వస్తే రెండు బల్లలు వేసి నలుగురు చొప్పున కూర్చోబెట్టడం కూడా మంచిదే. ఒకే బల్ల చుట్టూ అందరం ఉండాలన్న పట్టుదల వల్లే వంతు రావడానికి పావుగంట పడుతుంది.

నలుగురికి పనికొచ్చే ఆటల్లో కతాన్ గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఎదురుచూపు లేకుండా ఆట ఎలా కట్టాలో అందులో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. జర్మనీలో క్లాస్ టాయిబర్ అనే ఆయన చేసిన ఆట ఇది, 1995లో వచ్చింది. ఆయన వృత్తి కట్టుడుపళ్ళు, దంత వైద్యానికి కావలసిన సామగ్రి తయారుచేయడం. ఇంటిదగ్గర తీరిక వేళల్లో ఆటలు కట్టేవాడు. కతాన్ ఒక దీవి. ఆరు మూలల పలకలు 19 పేరిస్తే దీవి తయారవుతుంది. కొన్ని పలకలు అడవులు, కొన్ని పొలాలు, కొన్ని కొండలు. మన ఊళ్ళు వాటి మూలల్లో, బాటలు అంచుల మీద కడతాం. పలకల మీద అంకెలుంటాయి. ఎవరో ఒకరు రెండు పాచికలు వేస్తారు. ఎనిమిది పడిందనుకోండి, ఎనిమిది అంకె ఉన్న పలక పక్కన ఊరు కట్టుకున్న ప్రతి ఒక్కరికీ సరుకు వస్తుంది. వేసింది వాళ్ళయినా, నేనైనా సరే. అందుకని పక్కవాడు పాచికలు వేస్తుంటే నేను నా ఊరు వైపు చూస్తూ "ఎనిమిది, ఎనిమిది" అనుకుంటూ ఉంటాను. ఇంకెక్కడి ఖాళీ?

లెక్క కూడా అందంగా ఉంటుంది. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో ఏడు వచ్చేది ఆరు రకాలుగా, ఆరూ ఎనిమిదీ చెరి ఐదు రకాలుగా, రెండూ పన్నెండూ ఒక్కో రకంగా. ఏడు పడితే సరుకు రాదు, దొంగ బయల్దేరి ఒక పలక మీద కూర్చుంటాడు. ఆపైన బేరాలు. "నాకు ఇటుక ఇస్తే నీకు ఉన్ని ఇస్తాను." "ఉన్ని నా దగ్గర బోలెడుంది, ధాన్యం ఉంటే చెప్పు." మా బావ మామూలుగా మాట మాట్లాడడు. కతాన్‌లో మాత్రం ఒక్క ఇటుక కోసం పది నిమిషాలు బతిమాలతాడు.

అయినా కొత్తవాళ్ళతో మొదటి రాత్రే దాన్ని పెట్టవద్దంటాను. మొదట్లో ఊళ్ళు ఎక్కడ కట్టుకున్నామన్నదే సగం ఆట. తెలియక పన్నెండు అంకె పక్కన కట్టుకున్నవాళ్ళు గంటసేపు వట్టి చేతులతో కూర్చుంటారు. వాళ్ళు వంటింట్లోకి లేచి వెళ్ళకపోవచ్చు, మనసు మాత్రం ఎప్పుడో వెళ్ళిపోతుంది. మొదటిసారికి 2004లో వచ్చిన టికెట్ టు రైడ్ నయం. రంగు రంగుల రైలు కార్డులు పోగుచేసి పటం మీద ఊరికీ ఊరికీ మధ్య రైలుదారి వేసుకుంటూ పోవడమే. వంతులు చకచకా తిరుగుతాయి. ఐదుగురి దాకా ఆడొచ్చు. కార్కసోన్ అని ఇంకొకటి ఉంది, పలకలు ఒక్కొక్కటే తీసి కోటలు, దారులు పేర్చడం. అదీ తేలికే.

ఏది మంచిదో తెలియనప్పుడు పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. జర్మనీలో 1979 నుంచి ఏటా ఒక ఆటను ఎంపిక చేసి ‘ఆ ఏటి ఆట’ అని బహుమతి ఇస్తున్నారు. నేను చెప్పిన మూడు ఆటలకూ అది వచ్చింది. ఆ బహుమతి పొందిన ఆట పెట్టె మీద ఎర్రటి పావు బొమ్మ ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఆడుకోగలిగేలా ఉందా అన్నది అక్కడ ముఖ్యంగా చూస్తారు, కాబట్టి నమ్మవచ్చు. కాకపోతే దిగుమతి ఆటలు వేలల్లో ఉంటాయి. హైదరాబాద్‌లాంటి చోట బోర్డ్ గేమ్ కెఫేలు ఉన్నాయి, ఒక సాయంత్రం అక్కడ ఆడి చూసి కొనుక్కోండి.

ఆట నేర్పడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి ఆటలు చాలావరకు అక్కడే పాడవుతాయి. అందరూ కూర్చున్నాక పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడితే పది నిమిషాల్లో సగంమంది ఫోన్లు తీస్తారు. ముందురోజే ఒంటరిగా కూర్చుని ఇద్దరి తరఫునా మనమే ఆడి చూసుకోవాలి. నేర్పేటప్పుడు గెలుపు ఎలా వస్తుందో మొదట చెప్పాలి. కతాన్ అయితే, "ముందుగా పది పాయింట్లు తెచ్చుకున్నవాళ్ళు గెలుస్తారు, ఊరికి ఒకటి, నగరానికి రెండు" అంటే మిగతా రూల్స్ అన్నీ దాని చుట్టూ అల్లుకుంటాయి. మొదటి రెండు వంతులూ కార్డులు తెరిచే ఆడించండి. అందరికీ వచ్చిన భాషలో చెప్పండి. ఇంగ్లీషు పుస్తకంలో మాటలు అలాగే అప్పగిస్తే, అర్థం కానివాళ్ళు అర్థం కాలేదని అడగరు. ఊరికే తల ఊపుతారు.

అందరూ ఒకే జట్టుగా కలిసి ఆడే ఆటలూ ఉన్నాయి. 2008లో వచ్చిన పాండమిక్‌లో నాలుగు జబ్బులు ప్రపంచమంతా పాకుతుంటే అందరం కలిసి వాటికి మందు కనిపెట్టాలి. ఓడిపోతామన్న బెరుకు ఉన్నవాళ్ళకు ఇది బాగుంటుంది. అయితే బాగా తెలిసినవాళ్ళు ఒకరుంటే "నువ్వు ఇక్కడికి వెళ్ళు, ఆ కార్డు వెయ్యి" అని అందరి ఆటా వాళ్ళే ఆడేస్తారు. మా అన్నయ్యకు ఆ అలవాటు ఉంది. వంతు ఎవరిదైతే వాళ్ళు అడిగితేనే సలహా చెప్పాలని ముందే మాట తీసుకుంటాం.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే మాత్రం కొనుక్కొచ్చిన పెట్టెలన్నీ పక్కన పెట్టి ఒక సుద్దముక్క, నాలుగు గవ్వలు తెచ్చుకోమంటాను. అష్టాచెమ్మా గళ్ళు ఐదు నిలువు, ఐదు అడ్డం. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. మన కాయను ఎవరైనా చంపినా ఆట అయిపోదు, మళ్ళీ ఇంటి నుంచి బయల్దేరడమే. ఆఖరి కాయ పండేదాకా నలుగురూ బల్ల దగ్గరే ఉంటారు. ఇద్దరే ఉంటే పులి మేక ఉంది. మూడు పులులు, పదిహేను మేకలు, పాచికల పనే లేదు, అంతా బుర్రే. మేకలు కట్టుగా నిలబడితే పులి కదలలేదు. వామనగుంటల పలక ఇంట్లో ఉంటే, చింతగింజలు ఉంటే ఇంకేం కావాలి? మా అత్తయ్యకు డెబ్బై దాటాయి. కతాన్ ముందు కూర్చోబెడితే మొహమాటపడుతుంది. వామనగుంటలు తీస్తే, గుంటలో ఎన్ని గింజలున్నాయో వేలు పెట్టకుండా చూపుతోనే చెప్పేస్తుంది. గింజలు పంచుతుంటే ఆవిడ చేతివేళ్ళు మనకు అందవు. ఆ రాత్రికి నేర్పేది ఆవిడ, నేర్చుకునేది మేము.

ఈ ఆటలకు ఊరికో పద్ధతి ఉంటుంది. చెమ్మ వరసగా మూడుసార్లు పడితే ఏం చేయాలో, ఒక కాయనైనా చంపకుండా లోపలి గళ్ళలోకి వెళ్ళనివ్వాలో వద్దో మొదలుపెట్టకముందే తేల్చుకోండి. గోదావరి జిల్లా కోడలికీ కరీంనగర్ అత్తకీ అర్ధరాత్రి తగువు రాకుండా ఉంటుంది. ఇంకో మాట, డబ్బులు పెట్టి ఆడొద్దు. పది రూపాయలే కదా అని మొదలవుతుంది. పోగొట్టుకున్న మనిషి నవ్వుతూనే ఉంటారు కానీ మళ్ళీ వారం రారు.

చివరిగా ఎక్కువమంది వచ్చినప్పుడు నేను తీసే ఆట. చెక్ దేశస్థుడు వ్లాదా హ్వాతిల్ చేసిన కోడ్‌నేమ్స్, 2015లో వచ్చింది. బల్ల మీద 25 మాటలు పరుస్తారు. రెండు జట్లు. ఏ మాట ఎవరిదో జట్టు నాయకులిద్దరికే తెలుసు. మొదలుపెట్టే జట్టుకు తొమ్మిది, రెండో జట్టుకు ఎనిమిది, ఎవరికీ చెందనివి ఏడు, ముట్టుకుంటే ఆట పోయే మాట ఒకటి. నాయకుడు ఒక మాట, ఒక అంకె మాత్రమే చెప్పాలి. దాన్నిబట్టి జట్టు తమ మాటలు పట్టుకోవాలి. పెట్టెలో వచ్చేవన్నీ ఇంగ్లీషు మాటలు. మేం పాత క్యాలెండర్ వెనకవైపు కత్తిరించి తెలుగు మాటలు రాసుకున్నాం. గుమ్మం, రోలు, చందమామ, రేవు, పాలు, తాడు, ముగ్గు, పన్ను, ఇలా రెండు వందల దాకా ఉన్నాయి ఇప్పుడు.

ఈ సంక్రాంతికి మళ్ళీ ఆ ఏడుగురమే కూర్చున్నాం. ఒక జట్టుకు వదిన నాయకురాలు. రెండు నిమిషాలు చీటీల వైపు చూసి "తెలుపు, మూడు" అంది. అక్క పాలు మీద వేలు పెట్టింది, సరిపోయింది. ముగ్గు మీద పెట్టింది, అదీ సరిపోయింది. మూడోది ఏమిటో తెలియదు. పక్కింటాయన గట్టిగా ఆలోచిస్తున్నాడు. అక్క "పన్ను?" అంటే, "ఆదాయం పన్ను తెల్లగా ఎందుకుంటుందండీ" అన్నాడు. నాయకురాలు మాట్లాడకూడదు, నవ్వకూడదు. వదిన పెదవులు బిగబట్టి కూర్చుంది. అక్క ఆయన వైపు ఒకసారి చూసి, తన ముందుపన్ను మీద గోటితో కొట్టి, అదే వేలు చీటీ మీద పెట్టింది. వదిన రెండు చేతులూ పైకెత్తి ఒక్క కేక పెట్టింది. నిద్రపోతున్న పిల్లల్లో ఒకడు లేచి వచ్చాడు.

పదకొండున్నరకు చూస్తే గిన్నెలన్నీ సింక్‌లోనే ఉన్నాయి. "ఇంకొకటి వేద్దాం, ఈసారి కూడా నేనే చెప్తాను" అంటూ వదిన చీటీలు దగ్గరికి లాక్కుని కలపడం మొదలుపెట్టింది.

నమస్కారం.